పదహారు సెకన్లు

హాలింగ్‌దాల్ లోయలో, ఓడ్వర్ కొట్టులో
కట్టెలు చీల్చే యంత్రాలు రెండే మిగిలాయి.
ఒకటి మరచీల. గిరగిరా మొద్దులోకి దిగి
బిర్చి దుంగని చిటికెలో విడదీస్తుంది.
"నీ ముసలి ట్రాక్టరుకి ఇదే నప్పుతుంది, గూరో.
దాని పంపులో చమురు పారదు, కారుతుంది."

ఆమె రెండోదాని చుట్టూ తిరిగింది.
సొంత పంపు, సొంత ట్యాంకు;
ట్రాక్టరు వెనక ఇరుసు తిరిగితే చాలు.
"బరువు?"
"మూడొందల కిలోలు. ఎత్తావంటే ముందు చక్రాలు లేస్తాయి."
"ముందు రాళ్లు కడతాను."
"దుంగకి పదహారు సెకన్లు!"

గూరో మరచీల మొనకేసి చూసింది.
బిర్చి బెరడుకీ తమ్ముడి ఉన్ని చొక్కాకీ
ఆరోజు అది తేడా పాటించలేదు.

"సరిపోతాయి," అంది,
"చెయ్యి వెనక్కి తీసుకోడానికి."

బయట ట్రాక్టరు ఆపకుండానే వచ్చింది,
ఆపితే ఈ చలికి మళ్లీ అంటుకోదని.
దాని దగ్గుకి
కొట్టు అద్దాలు వణుకుతున్నాయి.