నాలుగు నిమిషాలు

మొదటి గొడవ ఏసీ గురించి.
తర్వాతిది కిటికీ పక్క సీటు గురించి.
ఆర్‌సీ బుక్కులో ఎవరి పేరుండాలన్న దానికి
మూడు ఆదివారాలు, ఐదు ఫ్లాస్కుల కాఫీ,
మేడ మీద నీళ్లట్యాంకు నీడలో ఒక అలక.
చివరికి సంఘం పేరే పెట్టాం:
హొరమావు ఆరో క్రాసు ప్రయాణికుల సహకార సంఘం.
అంత పొడుగు పేరు బండి వెనక పట్టక
పెయింటరు ‘ఆరో క్రాసు’ దగ్గర ఆపేశాడు.

ఇరవై రెండు వాటాలు, వాటాకి ముప్పై వేలు.
భాగీరథమ్మ చీటీ పాడి తెచ్చింది.
రుక్సార్ స్కూటీ అమ్మింది.
డ్రైవరు నంజుండ మూడు విడతల్లో కట్టి
కట్టిన సాయంత్రమే స్టీరింగుకి కొత్త తొడుగు కుట్టించాడు.
ఆర్టీవో ఆఫీసుకి తిరిగి తిరిగి అరిగిన
సెల్వమణి చెప్పులు మాత్రం
ఏ లెక్కలోనూ చూపలేదు.
నేను చెక్కు రాశాను.
రెండో చేతిలో కారు తాళం అలాగే ఉంది.

కారు సంగతి కూడా చెప్పాలి.
ఏడేళ్లు నాలుగు ఖాళీ సీట్లని
బెళ్లందూరు దాకా మోసుకెళ్లి, మోసుకొచ్చాను.
పక్క సీట్లో హ్యాండ్‌బ్యాగు. దానికి బెల్టు కూడా పెట్టేదాన్ని,
లేకపోతే కారు ఊరుకోదు, కూస్తుంది.
టిన్ ఫ్యాక్టరీ దగ్గర రోజూ ముప్పావుగంట
ముందు బండి అద్దం మీది స్టిక్కర్లు చదివేదాన్ని.
ఒకసారి హిందూపురం నుంచి వచ్చిన మా మేనమామ
అటూ ఇటూ చూసి అడిగాడు,
“అందురూ సంతకొచ్చినట్లే ఉండారు గానీ
ఒకరితో ఒకరు బేరమే ఆడరేమే పాపా?”

బండిలో అట్ట చిరిగిన పద్దుల పుస్తకం ఒకటుంది.
డీజిలు, పంక్చరు, నంజుండ జీతం,
ఆయుధపూజకి గుమ్మడికాయ, నాలుగు నిమ్మకాయలు.
మొదటి పేజీలో ఎర్రసిరాతో తీర్మానం:
ఎవరి కోసమైనా నాలుగు నిమిషాలు ఆగాలి.
ఐదో నిమిషం బండిది.

ఆరూ యాభైకి మెడికల్ షాపు షట్టరు ముందు
ఇంజను మూలుగుతూ ఉంటుంది.
ఎవరో ఒకరు రావాలి. ఈలోగా
భాగీరథమ్మ చింతపండు ధర చెబుతుంది.
సెల్వమణి నిద్ర కిటికీకి ఆనుకుంటుంది.
రుక్సార్ తడిజుట్టు విదిలిస్తే
వెనక సీటాయన కళ్లద్దాలు తుడుచుకుంటాడు.
దువ్వెన జుట్టులోనే మరిచిపోయిన మనిషి
మలుపులో పరుగున కనబడగానే
“బంద్రు, బంద్రు” అంటాడు నంజుండ.
అందరం కొంచెం కొంచెం జరుగుతాం,
సీటు ఖాళీగానే ఉన్నా సరే.

బండి గొప్పదేం కాదు.
వానొస్తే ఎడమవైపు మూడో కిటికీ కారుతుంది,
ఆ సీటుకి గొడుగు సంఘం ఖర్చు.
ఏడాదిలో రెండుసార్లు క్లచ్చు పోయింది.
బోపయ్య గారు వాటా వెనక్కి తీసుకుని కొత్త కారు కొన్నారు.
రోజూ మమ్మల్ని దాటి ముందుకి పోతారు,
మహదేవపుర ఎర్రదీపం కింద మళ్లీ కలుస్తారు.
చెయ్యి ఊపుతాం. ఆయన అద్దం దించరు,
తల ఊపుతారు.

మొన్న గురువారం, కారణమంటూ ఏమీ లేదు,
ఎవరి మాటా వినబడకుండా ఉండాలనిపించింది.
ఎవరికీ చెప్పలేదు.
కారు మీది గుడ్డ లాగితే కింద పిల్లి లేచి విసుక్కుంది.
ఆరో క్రాసు తగలకుండా వెనకదారిన పోయాను.
పాట పెట్టుకున్నాను. టిన్ ఫ్యాక్టరీ దగ్గర అది అయిపోయింది.
మళ్లీ పెట్టాను.
మళ్లీ అయిపోయింది.

శుక్రవారం డీజిలు పద్దు రాసే వంతు నాది.
నంజుండది ములబాగిలు; మా తెలుగు మాటల్ని
కన్నడ అక్షరాల్లో రాస్తాడు.
కూడబలుక్కుంటూ చదివాను, నిన్నటి వరుస:

హేమావతి మేడం కోసరం నాలుగు నిమిషాలు నిలిపితిమి.
రాలేదు.
ఇంకా రెండు నిలిపితిమి.