గోళ్ల మధ్య వెలుతురు

గిరింపేట సందులో పాత పాళెగారి బంగళా.
ఆదివారం, ఓపీ లేని పూట,
హాల్లో నిలువెత్తు రంగుల పటం ముందు
కుర్చీ లాక్కుని కూర్చున్నాను.
టిక్కెట్టు ఐదు రూపాయలు. రోగులు పదకొండు మంది.
ఒక్కరూ మూలగరు, దగ్గరు,
‘బిన్నా చూడు సా, మొగిలి బస్సు పోతాది’ అనరు.

మొదట దొరగారు.
కుడికాలి బొటనవేలి కణుపు వంకాయరంగు.
కీళ్లవాతం. వేటమాంసం, సీమసారా.
చిన్నదొరసాని కాసులపేరు
గొంతు దగ్గర ఒక్క వరుస పైకి లేచింది.
కింద గడ్డ ఉంది, మింగమంటే కదులుతుంది,
కానీ ఆమె నూటనలభై ఏళ్లుగా గుటక వేయలేదు.
దివాను కళ్లు పసుపు.
కామెర్లు, అని డైరీలో రాసి
కింద గీత గీశాను.

‘కామెర్లు కాదు సా, వార్నీసు.’
వెనకనించి మొగిలప్ప, వాచ్‌మేను.
‘కలెక్టరు వస్తాడని మా నాయన పూసినాడు.
మొకాల మీద రెండు పూతలు ఎక్కువ పడె.’
దివాను బతికిపోయాడు.
నేను కొంచెం చిన్నబోయాను.

ఇక మిగిలింది వింజామర పట్టినవాడు,
చట్రం సగం కోసేసిన మనిషి.
దొర బుగ్గకి గులాబి అద్దిన కుంచె
వీడి దగ్గరికొచ్చేసరికి అలిసిపోయి
ఉన్నది ఉన్నట్టు గీసేసింది.
వీడి తరఫున అబద్ధానికి ఎవరూ డబ్బివ్వలేదు మరి.
పెదాలు నేరేడుపళ్లు తిన్నట్టు.
వేళ్ల కొసలు ఉబ్బి,
గోళ్లు చిలకముక్కుల్లా కిందికి వంగి…
గుండెలో చిల్లో, ఊపిరితిత్తో.
విసిరేవాడికే గాలి చాలలేదు.

రెండు గంటలు చూశాను వాణ్ని,
భూతద్దం పెట్టి, గోరు గోరూ.
నా ఓపీలో మనిషికి రెండు నిమిషాలు.

‘మూసే టైమాయె సా’
అంటూ మొగిలప్ప కిటికీ రెక్క లాగాడు.
గడియ మీద అతని వేళ్లు.
ఆ వేళ్లే.

‘ఎన్నాళ్లుగా ఆయాసం?’
‘ఆయాసమా? మెట్లెక్కితే ఉంటాది.
మా నాయనకీ ఇంతే సా, దానికేముండాది.’

గడియ వదిలి ఇటు రమ్మన్నాను.
రెండు చూపుడువేళ్లు మడిచి
గోరుకి గోరు ఆనించమన్నాను,
కిటికీకేసి ఎత్తి పట్టమన్నాను.
ఒళ్లు బాగున్నవాడికైతే ఆ సందులో
నువ్వుగింజంత వెలుతురు నిలబడుతుంది.

పట్టాడు, కొత్త ఆట నేర్చుకునే పిల్లాడిలా.
ఒక కన్ను మూసి తనూ చూశాడు.
‘ఏం కనబడల్ల సా?’ అన్నాడు.

బయట ఎండ ఇంకా ఉంది.