వెనకవైపు కుట్టు

షిప్‌షెవానా చేరేసరికి పదిన్నర.
ముందు గుర్రబ్బండి, వెనక మేము,
మా వెనక పాల ట్యాంకరు,
గంటకు ఎనిమిది మైళ్ళ ఊరేగింపు.
స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూ
కాత్యాయని అంది:
"హారన్ కొట్టబుద్ధి కావడం లేదే,
నాకేమైనా జబ్బు చేసిందంటావా?"

బండి వెనక నారింజరంగు త్రికోణం.
దాని పైన చిన్న అద్దంలోంచి
గడ్డిటోపీ పెట్టుకున్న నాలుగేళ్ళవాడు
మమ్మల్ని చూశాడు, చాలాసేపు,
సంతలో బేరం కుదరని దూడను చూసినట్టు.

చీజు దుకాణంలో
పంటికింద కీచుమనే తెల్ల ముక్కలు.
అరల నిండా సీసాలు:
బీట్‌రూట్ రంగు తాగిన కోడిగుడ్లు,
పసుపునీళ్ళలో ఆవాలు తేలుతున్న
కూరముక్కల కలగలుపు.
ఆవఘాటును నమ్మి నోట్లో వేసుకుంటే
పంచదార!
"ఇంత మోసం ఊరగాయల చరిత్రలో లేదు"
అని తేల్చి, కాత్యాయని
రెండు సీసాలు కొంది.

మధ్యాహ్నం బంగాళదుంప ముద్ద మీద నూడుల్సు,
దాని మీద కోడిరసం, ఆ పైన ఇంకో రొట్టె.
పిండి మీద పిండి మీద పిండి.
లేవలేక కాసేపు కిటికీలోంచి
కట్టుకొయ్య దగ్గర గుర్రాల తోకలు చూశాం.

వీధి చివర క్విల్టు తోట.
కింద నిలబడితే ఏముంది,
పెటూనియాలు, బెగోనియాలు, బంతిమొక్కలు,
తడిమట్టి వాసన.
చెక్కమెట్లు పదహారు, మోకాళ్ళు లెక్కపెట్టాయి,
ఎక్కి తిరిగి చూస్తే
ఎర్ర నక్షత్రం, తెల్ల నేల, పసుపు అంచు
ఎవరో ఎండలో ఆరేసి మరిచిపోయినట్టు.
తెల్లనేల మధ్యలో ఒకే ఒక్క ఊదాపువ్వు.
గొట్టంతో నీళ్ళు పడుతున్న మెర్విన్‌ను అడిగాను.
"నర్సరీవాళ్ళ తప్పు.
పీకుదామనే వచ్చాను జూన్‌లో.
వచ్చేసరికి పూసి ఉంది."
గొట్టం పక్క మడిలోకి మళ్ళించాడు.

క్విల్టుల కొట్టు మేడమీద.
దీపం లేదు, కిటికీ వెలుగే.
ఆర్ఫా బాంట్రెగర్ కళ్ళజోడు పైనుంచి
మా చేతులు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసింది.
నీలం మీద నీలం, పదమూడువందల డాలర్లు.
నేను అంచు పట్టుకుని తిరగేశాను.
చీరాలలో మిషను కుట్టే మా మేనత్త అలవాటది,
ఎవరి జాకెట్టు మెచ్చుకోమన్నా
ముందు లోపలివైపు చూపించమనేది.

ఆర్ఫా కుర్చీ దగ్గరికి జరుపుకుంది.
"అంగుళానికెన్ని?"
గోటితో లెక్కపెట్టాను. "తొమ్మిది."
"అది ఎల్లా చెయ్యి. ఇటు మూల చూడు."
ఏడే ఉన్నాయి, కాస్త వంకరగా.
"అది నాది. శుక్లాలు."
చుట్టూ ఆరుగురం కూర్చున్నాం, అంది,
చలికాలమంతా, ఒక పెళ్ళి కోసం.
క్విల్టు పూర్తయింది.
మంచం కొలతలు సరిపోయాయి.
పెళ్ళి కుదరలేదు.
ఆ మాట ధర చెప్పినట్టే చెప్పింది.
కౌంటరు దగ్గర తాను కొలుస్తున్న అమ్మాయి
గజంబద్ద మీంచి తల ఎత్తలేదు.

ఏదో ఒకటి అనాలి కదా,
మా బొంతల సంగతి చెప్పాను:
కొత్తగుడ్డ వాడమని,
కట్టి ఉతికి మెత్తబడ్డ చీరలే వేస్తామని.
"మరి చిరిగిపోదూ?"
"పోతుంది. పైన ఇంకో చీర వేసి కుడతాం."
"అదీ చిరిగితే?"
"ఇంకోటి."
ఆర్ఫా నవ్వింది, పైపళ్ళు రెండు లేవు.
"అయితే ఎప్పటికీ అమ్మలేరు."

పన్నెండు సూదుల కాగితం కొన్నాను,
రెండు డాలర్ల పావలా.
చిల్లర ఆ అమ్మాయే ఇచ్చింది,
నాణేలు అరచేతిలో పడెయ్యకుండా
ఒక్కొక్కటీ పెట్టి.

తిరుగుదారిలో మళ్ళీ గుర్రబ్బండే.
జొన్నపొలాలో, మొక్కజొన్నో అని వాదిస్తూ
కాత్యాయని ఒడిలో సీసా తెరిచి
తీపి ఊరగాయ వేళ్ళతో తింటోంది.
వెనకనించి గంట మోగింది.
కౌంటరు అమ్మాయి, సైకిలు మీద,
తెల్లటోపీ నాడాలు వెనక్కి ఎగురుతుంటే
మమ్మల్ని దాటింది,
బండిని దాటింది,
చెయ్యి చూపించి ఎడమకు తిరిగింది.

మేమింకా గుర్రం వెనకే ఉన్నాం.