నూరు వరహాలు

పొదిలిలో మా సందుకు
నాలుగు రోజులకోసారి ట్యాంకర్ వస్తుంది.
తోలేది మా ఆయనే.
అయినా మాకూ అవే ఎనిమిది బిందెలు,
ఒక్క చెంబు ఎక్కువ పట్టినా
ఎదురింటి రవణమ్మ కళ్లతోనే కొలుస్తుంది.

బియ్యం కడిగిన నీళ్లు, మొహం కడిగిన నీళ్లు,
ఇస్త్రీకి చిలకరించగా మిగిలిన గుక్కెడు,
ఇవీ నా తోట తాగేవి.
తోటంటే ఏముంది,
వరండా అంచున ఆరు పెయింటు డబ్బాల కనకాంబరం,
మెట్ల పక్కన నేలలో ఒక నూరువరహాల చెట్టు.

మాఘంలో వచ్చాడు.
మిషను మీద తలొంచుకుని ఉన్నాను,
చివుక్కుమని చెవిలో సుద్దతో గీత గీసినట్టయింది.
చూస్తే నా బొటనవేలంత నలుపు.
ఎండవైపు తిరిగాడా, నలుపు కాదు,
పట్టుచీర మడత విప్పేటప్పుడు
నీలమూ ఊదా ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయే, అదీ.
ముక్కు నా అల్లిక సూదికి మల్లే వంపు.
గుత్తిలో ప్రతి పూవులోనూ దించి తీశాడు,
ఒక్క కుట్టు తప్పలేదు.

ఇంటికొచ్చినోడికి ఏదన్నా పెట్టాలి గదా.
మందు సీసా మూతలో పంచదార నీళ్లు పోసి
ఎర్ర జాకెట్టు ముక్క చుట్టి కొమ్మకు కట్టాను.
చీమలు తాగాయి. ఉడత తాగింది.
తేనెపిట్ట ఆ కొమ్మ మీద వాలనే లేదు.
"పిట్టకు పంచదారా, నాకు బెల్లం టీనా" అన్నాడు మా ఆయన.
అన్నాడే గానీ
గొట్టం దులిపేటప్పుడు చివరి చారెడు
చెట్టు మొదట్లోనే దులుపుతున్నాడని
మట్టి తడి చూసి తెలుసుకున్నాను, చాన్నాళ్లకు.

ఉగాది దాటి నెలయ్యాక ఆడది వచ్చింది.
ఉతికి ఉతికి వెలిసిన పసుపు పొట్ట.
పనంతా దానిదే.
నేను దులపని మూలల్లో సాలెగూళ్లు,
నేను ఊడ్చిన దారప్పోగులు,
ఎండు పూరేకులు, పురుగు రెట్ట,
అన్నీ తెచ్చి వరండా బల్బు తీగకు వేలాడగట్టి
వాకిలి మీదికి చిన్న చూరు కూడా దించింది.
తెలియనోళ్లు చూస్తే చెత్త అనుకుంటారు.
ఇరవై రెండేళ్లుగా కుడుతున్నాను,
టేపు పట్టకుండా ఒంటికి అంత సరిగ్గా
నా చేతికి ఎప్పుడూ రాలేదు.

వాడేమో అంతసేపూ
మా ఆయన బండి అద్దంలో
తన మొహంతోనే పోట్లాడుతున్నాడు.
అద్దానికి లైనింగు గుడ్డ తొడిగాం.

నెల రోజులు ఆ బల్బు వెయ్యలేదు.
పద్నాలుగు పెళ్లి జాకెట్లు
వంటింట్లో కూర్చుని కుట్టాను.
రెండిటికి కాజాలు వంకర, ఒకామె డబ్బులు పట్టుకుంది.

రోహిణి కార్తెలో ట్యాంకర్ ఆరు రోజులకోసారి అయింది.
గూట్లో రెండు నోళ్లు.
చెట్టు ఆకు ముడుచుకుంది, గుత్తులు మాడాయి.
మధ్యాహ్నం, కుక్కలు కూడా కదలని వేళ,
రవణమ్మ గేటు తీసుకుని బిందెతో వచ్చింది.
"పప్పు కడిగిన నీళ్లులే కాశింబీ, పారబోసేవే."
నీళ్లలో పప్పు వాసన లేదు.
నేనూ ఏమీ అనలేదు.

పిల్లలు ఎగిరిపోయిన పొద్దు నేను చూడలేదు,
బొత్తాల కోసం బజారుకు పోయాను.

కార్తీకంలో వాయుగుండం పట్టి మూడు రోజులు వాన.
తెరిపి ఇచ్చాక ఎవడో వచ్చాడు,
మాసిన రంగు, గొంతు నుంచి పొట్టదాకా ఒక నల్ల చార,
సగం కుట్టి వదిలేసిన జిప్పు.
ఎవడురా నువ్వు, మావాడి చెట్టు మీద, అని
చేత్తో అదిలించాను కూడా.
పుష్యంలో వాడి భుజాన తళుక్కుమని ఊదా అతుకు ఒకటి,
వారానికి ఇంకొకటి.
వాడే.
బట్టలు మార్చుకున్నాడు, అంతే.
బట్టలు కుట్టేదాన్ని, నాకు తెలియకపాయె.

నూరువరహాలంటారు గానీ
గుత్తికి ఎన్నో ఎవరూ ఎంచినట్టు లేదు.
కోసి ఎంచుదామనుకున్నాను ఈ పొద్దున,
కోస్తే వాడికి తక్కువ.
కొమ్మకు ఆ మూత ఇంకా ఉంది,
ఎరుపు వెలిసి గులాబీ అయింది,
రాత్రి మంచు అడుగున చెంచాడు నిలిచింది.
వాలాడు. అటూ ఇటూ చూశాడు. ముక్కు ముంచాడు.

"నా జాకెట్టు అయిందంటే?" గేటు దగ్గర రవణమ్మ.
ఉండు, అన్నాను,
నోటి మీద వేలు పెట్టి.