మూడు పెట్టెలు

రాదోవ్లిత్సా తేనె సంఘం ఆఫీసులో
మూడు కంప్యూటర్లు, మూడు రకాల మొండితనం.
పొద్దున్నే వెళ్లాను. జేబులో పెన్ డ్రైవ్,
అందులో చెప్పిన పని చేసిపెట్టే ఏజెంటు.

మొదటిది తదేయాది, విండోస్.
కీల సందుల్లో బిస్కెట్ పొడి.
తెర మసకేసుకుని అనుమతిస్తారా అంది.
చదవకుండానే అవును నొక్కింది తదేయా.
మళ్లీ అడిగింది. మళ్లీ అవును.
పదకొండేళ్లుగా దేనిదేనికి అవునన్నదో
తనకే గుర్తులేదట.
నవ్వుతూనే చెప్పింది గానీ
మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

రెండోది వ్లాస్తా మ్యాక్.
సీసాలకు లేబుళ్లు గీసేది ఆ పిల్లే.
"ఎవరు చేశారో తెలియని సరుకు, తెరవను" అంది యంత్రం.
సెట్టింగుల అట్టడుగున దొరికింది
బతిమాలుకునే బటన్.
తెర చూడ్డానికొక చీటీ,
ఫైళ్లు ముట్టుకోడానికింకో చీటీ.
"మా అమ్మమ్మా ఇంతే," అంది వ్లాస్తా,
"కొత్తవాళ్లు కాఫీ తాగి వెళ్లాక
కప్పులు లెక్కపెట్టేది."

మూడోది వెనక షెడ్డులో.
లినక్స్. పుప్పొడి పట్టిన పాత డబ్బా,
రాత్రింబవళ్లు తేనెపెట్టెల బరువు రాసుకుంటుంది.
దాని కాపలా బోజిదార్, డెబ్బై ఆరేళ్లు.
పాస్‌వర్డ్ కొట్టమన్నాను. కొట్టాడు.
తెర మీద చుక్కైనా పడలేదు.
"కీబోర్డు చచ్చింది."
చావలేదు తాతా,
వింటుంది, విన్నట్టు కనపడదంతే.
"అయితే నాకు దీనితో పడుతుంది" అన్నాడు.

ఒక లైబ్రరీ తక్కువైంది.
అది తెస్తే ఇంకోటి పాతదైంది.
ఎర్ర అక్షరాలు చీమలబారులా దిగుతుంటే
బయట తేనెటీగలు ఇళ్లకు మళ్లుతున్నాయి.
ప్రతి పెట్టె ముందూ ఒక బొమ్మచెక్క:
వేటగాడి పాడె మోస్తున్న కుందేళ్లు,
గయ్యాళి నాలుకకు సానపడుతున్న దయ్యం,
వానలకు వెలిసిపోయి
వట్టి నీలమే మిగిలినదొకటి.
"బొమ్మ మనకోసం కాదు,
ఈగ తన గడప తప్పకుండా" అన్నాడు.

చీకటి పడే వేళకి మూడూ లేచాయి.
బోజిదార్ అడిగాడు, నిన్న ఏ పెట్టె బరువు తగ్గింది?
ఏడోది, నాలుగు వందల గ్రాములు.
"అది నాకూ తెలుసు. ఎందుకు?"
కాసేపు తిరిగింది చక్రం.
కారణం వెతకాలి,
డైరీ అనే ఫోల్డరు చదవనిస్తారా, అని అడిగింది.

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.
ఒక్కో అక్షరం వెతుక్కుంటూ
వద్దు, అని కొట్టాడు.
సరే అంది.
ఎందుకని అది అడగలేదు. నేనూ అడగలేదు.
ఆయన టోపీ పెట్టుకుని
ఏడో పెట్టె దాకా నడిచి
నీలం చెక్కకు చెవి ఆనించాడు.

పెన్ డ్రైవ్ అక్కడే మర్చిపోయానని
బస్సెక్కాక గుర్తొచ్చింది.