బిళ్ల

బుడితిలో గున్నయ్య అచ్చు పగలగొట్టిన రోజు
పక్కనే ఉన్నాను, సాక్షి సంతకానికి.
నలభై పోతలు. నలభై ఒకటోది లేదు.
ఆ షరతు హైమావతిది, బొమ్మా ఆమెదే:
ఒకవైపు నోరు తెరిచిన మిల్లు కూత,
రెండోవైపు ఒట్టి జనపనార పురి,
అంచున ఉలితో కొట్టిన అంకె.
అడ్వాన్సు నాది. అప్పూ నాదే.

గంటస్తంభం దగ్గర నా ఫ్రేముల కొట్లో
దేవుడి పటాల కింద నల్లగుడ్డ పరిచి పెట్టాను.
"కిలో ఎంత?" అన్నాడొకాయన.
"మెళ్లో వేసుకోడానికి కొక్కెం ఏదమ్మా?" అంది ఇంకొకావిడ.
ఆరు నెలల్లో పదకొండు పోయాయి,
అందులో నాలుగు అరువు మీద.

మొన్న వానలో సూరప్పడు వచ్చాడు,
మూతపడ్డ జూట్ మిల్లులో నూలు వడికినవాడు.
పతకాన్ని ముందు చెవి దగ్గర పెట్టుకున్నాడు.
తర్వాత అడిగాడు:
"రెండొందల పన్నెండు ఉందేటమ్మా?
నా బిళ్ల నంబరది. గేటు మూసిన్నాడు లాగీసుకున్నారు."

నలభయ్యే చేశామని చెప్పాను,
అచ్చు లేదనీ, అందుకే ఈ ధర అనీ.
తలూపాడు. బేరమాడలేదు.
"అయితే పన్నెండు ఇచ్చీండి."
మూడు వాయిదాలు. మొదటిది తడి నోట్లు.

నా బల్ల మీది మేకు తీసుకుని
ఒకటికి ముందు రెండు గీశాడు,
వంకరగా, నాలిక పంటి కింద పెట్టుకుని.
ఇత్తడి పొడి రసీదు పుస్తకం మీద రాలింది.

హైమావతికి ఇంకా చెప్పలేదు.
ఖాతాలో మాత్రం ఉన్నదున్నట్టు రాశాను:
నలభైలో
రెండొందల పన్నెండోది.