బరువు దించడం

క్లైపెడా రేవులో ముప్ఫై ఏళ్లుగా క్రేను నాది.
చెల్లో మాత్రం అద్దెది.

"నొక్కకండి, రిమ్విదాస్. చేతి బరువు దించండి, చాలు."
ప్రతి గురువారం ఉగ్నే మాట ఇదే.
నా కూతురికన్నా చిన్నది;
నా బొటనవేలు విప్పి కమాను మీద మళ్లీ మడిచి పెడుతుంది,
పసివాడికి చొక్కా గుండీలు పెట్టినంత ఓపిగ్గా.

వారమంతా వంటింట్లో తుప్పు తలుపే మోగింది.
కింది వాటా ముసలమ్మ
చీపురుకర్రతో కప్పు మీద తాళం వేసింది.
లయ నాకన్నా ఆమెకే నయం.

నిన్న పొగమంచులో
ఇరవై టన్నుల పెట్టెను ఓడ మీదికి
చప్పుడు కాకుండా వదులుతూ
లివర్ మీద నా చెయ్యి నేనే చూశాను.

ఇవాళ లావు తీగ మీద ఒక్క స్వరం
మోకాళ్లలోకి దిగింది.
ఉగ్నే పెన్సిలు ఆగింది.

రెండోది మళ్లీ తలుపే.